జేబు టార్చి వేట: నలభై రోజుల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

రాత్రి షిఫ్టు ముగిసి ఇంటికి చేరేసరికి పదిన్నర దాటుతుంది. బస్సు దిగిన చోటు నుంచి గేటు దాకా ఎనిమిది నిమిషాల నడక. అందులో మూడు నిమిషాల దారికి వీధిదీపం లేదు. మా మెట్ల మీద బల్బు ఉంది కానీ, వెలగాలన్న పట్టింపు దానికి లేదు.

ఇన్నాళ్లూ ఫోనుతోనే నెట్టుకొచ్చాను. మొన్న మంగళవారం మలుపు దగ్గర ఏదో కదిలిన చప్పుడైంది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోను. తాళం తీయాలి, తెరను పైనుంచి కిందికి లాగాలి, లైటు బొమ్మ ఎక్కడుందో వెతకాలి. అంతసేపూ తెర వెలుగు నా ముఖం మీదే పడింది. చీకట్లో ఉన్నవాళ్లకు నేను కనిపిస్తున్నాను, నాకు మాత్రం వాళ్లు కనిపించడం లేదు. తీరా లైటు వెలిగాక కనిపించినవి నా చెప్పులు. కదిలింది పిల్లి అయి ఉంటుంది. కాకపోయినా నాకు తెలిసే దారి లేదు.

అందుకే ఈ ప్రాజెక్టు. రోజూ జేబులో ఉండే టార్చి ఒకటి కావాలి. చీకటి దారిలో ఆత్మరక్షణకు కూడా పనికిరావాలి. షరతులు ముందే రాసి పెట్టుకుంటున్నాను, దుకాణం అద్దాల ముందు మనసు మారకుండా: బ్యాటరీతో కలిపి వంద గ్రాములు మించకూడదు, ఒక చేత్తో వెలగాలి, చూడకుండానే స్విచ్ దొరకాలి, వారానికి ఒకసారి చార్జింగ్ పెడితే చాలాలి.

3వ రోజు

రెండు రోజులుగా అంకెలు చదువుతున్నాను. డబ్బాల మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది ల్యూమెన్లు. టార్చి నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు అది. ఆ వెలుగు ఎంత దూరం వెళుతుందో చెప్పేది క్యాండెలా. తోటకు నీళ్లు పట్టే గొట్టం గుర్తొచ్చింది. ఎన్ని నీళ్లు వస్తున్నాయన్నది ల్యూమెన్లు. గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే అవే నీళ్లు గోడ దాటి పడతాయి చూడండి, అది క్యాండెలా. వెయ్యి ల్యూమెన్ల టార్చి అయినా, వెలుగును ముందుకు మళ్లించే లోపలి అద్దపు గిన్నెకు లోతు లేకపోతే వెలుగంతా కాళ్ల దగ్గరే పరుచుకుంటుంది.

ఈ కొలతలకు 2009 నుంచి ఎఫ్‌ఎల్1 అనే అమెరికన్ ప్రమాణం ఉంది. అందులో దూరం లెక్క సులువు: క్యాండెలాకు వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 2,500 క్యాండెలా అంటే 100 మీటర్లు. 10,000 అంటే 200. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగింతలు కావాలన్నమాట. ఒక చోట పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ఆ చివరి మీటరు దగ్గర మిగిలే వెలుగు పావు లక్స్, అంటే సుమారు నిండు పున్నమి వెన్నెలంత. ఆ వెలుగులో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. కాబట్టి డబ్బా మీద ఉన్న దూరంలో సగానికంటే తక్కువే నాకు పనికొచ్చేదని లెక్క వేసుకున్నాను.

ఇంకో కిటుకు కూడా తెలిసింది. ‘మూడు గంటలు వెలుగుతుంది’ అంటే మూడు గంటలూ అదే వెలుగని కాదు. మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయం అది.

6వ రోజు

మూడు టార్చీలు చేతికొచ్చాయి. పేర్లతో పనిలేదు. చిన్నది, పొట్టిది, పెద్దది అని పిలుస్తాను.

చిన్నది ఒక్క పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది, వెనక స్విచ్. పొట్టిది బొటనవేలంత లావుగా ఉంటుంది, పక్కన స్విచ్, ఒంటికే చార్జింగ్ రంధ్రం. పెద్దదానిలో 18650 బ్యాటరీ పడుతుంది. ఆ అంకెల్లోనే కొలత దాగి ఉంది: 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు. వెనక ఒక స్విచ్, మెడ దగ్గర ఇంకొకటి.

బ్యాటరీల దగ్గర ఒక ప్రమాదం కొంచెంలో తప్పింది. 14500 అనే లిథియం అయాన్ బ్యాటరీ చూడటానికి అచ్చం పెన్సిల్ సెల్ లాగే ఉంటుంది, అదే గూటిలో చక్కగా కూర్చుంటుంది. కానీ సెల్‌కు 1.5 వోల్టులైతే దీనికి 3.7, నిండా చార్జి చేస్తే 4.2. తట్టుకునేలా తయారు చేయని టార్చిలో పెడితే లోపలి సర్క్యూట్ మాడిపోతుంది. నేను పెట్టబోయి కాగితం చదివి ఆగాను. చిన్నదానికి అది పడదు.

నాలుగో పోటీదారుగా ఇంట్లోని పాత టార్చిని కూడా దింపుదామని సొరుగు తీశాను. మూత తిరగలేదు. గుడ్డ చుట్టి బలంగా తిప్పితే కిర్రుమంటూ వచ్చింది. స్ప్రింగు మీద ఉప్పు పూసినట్టు తెల్లటి పొర, సెల్ అడుగు ఉబ్బి గొట్టానికి అతుక్కుపోయింది. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చే క్షారం అది. వెనిగర్‌లో ముంచిన దూది పుల్లతో రుద్దితే బుస్సుమని పొంగి కొంత వదిలింది. కానీ స్ప్రింగును అది అప్పటికే సగం తినేసింది. అవసరానికి పనికొస్తుందని ఏళ్ల తరబడి సొరుగులో దాచిన టార్చి గతి ఇది.

9వ రోజు

కొలతల రోజు. ఫోనులో ఉండే వెలుతురు సెన్సరే నా పరికరం. నిక్కచ్చిగా చెప్పదు కానీ మూడింటినీ ఒకే తక్కెడలో తూచడానికి చాలు. చీకటి వరండాలో టార్చి నుంచి సరిగ్గా ఐదు మీటర్ల దూరంలో ఫోను నిలబెట్టి, వచ్చిన లక్స్‌ను 25తో గుణించాను. అంటే దూరం వర్గంతో. చిన్నదానికి 22 వచ్చింది, 550 క్యాండెలా, సుమారు 47 మీటర్లు. పొట్టిదానికి 90, అంటే 2,250 క్యాండెలా, 95 మీటర్లు. పెద్దది 410 లక్స్ కొట్టింది: 10,250 క్యాండెలా, 200 మీటర్ల పైన. చీకటి దారి మొత్తం కలిపినా ఇంచుమించు అంతే.

తరువాత బాత్రూమ్ పరీక్ష. టార్చిని నేల మీద నిలబెట్టి తెల్లటి పైకప్పు మీదికి వేశాను. పక్కన ఫోను పెట్టి తలుపు మూశాను. పెద్దది 61 లక్స్‌తో మొదలై ఐదు నిమిషాలకు 23కు దిగింది. అప్పటికి దాని మెడ పట్టుకోలేనంత వేడెక్కింది. వేడి పెరిగితే తనను తాను తగ్గించుకోవడం దాని స్వభావం, లేకపోతే ఎల్‌ఈడీ పాడైపోతుంది. పొట్టిది 48 నుంచి 20. చిన్నది 14తో మొదలై 13 దగ్గర నిలిచింది. గొప్పలూ లేవు, పడిపోవడమూ లేదు. దాని మీద కొంచెం గౌరవం పుట్టింది.

12వ రోజు

బస్సులో కూర్చుని ఉండగా తొడ మీద చురుక్కుమంది. పొట్టిదాని పక్క స్విచ్ తాళంచెవుల గుత్తికి నొక్కుకుని జేబులోనే వెలిగింది. బట్టలోంచి ఎర్రగా వెలుగు! ఎదుటి సీట్లో ఉన్న పాప కళ్లార్పకుండా నా జేబు వంకే చూస్తోంది.

దీనికి విరుగుడు ఉంది. వెనక మూతను పావు వంతు వదులు చేస్తే చాలు. మూత బిగించే మరల గాడుల మీద ఉండే రంగు పూత విద్యుత్తును పారనివ్వదు. మూత బిగుసుకుని గొట్టం అంచు తగిలినప్పుడే వలయం పూర్తవుతుంది. కొంచెం తిప్పామా, స్విచ్ ఎంత నొక్కినా వెలగదు. నిలకడలో బ్యాటరీ కొద్దికొద్దిగా తరిగిపోవడం కూడా ఆగుతుంది. ప్రయాణపు సంచిలో పెట్టేటప్పుడు తప్పకుండా చేయవలసిన పని.

అయితే చీకటి దారిలో మూత బిగించుకుంటూ నిలబడాలా? ఆత్మరక్షణకని పెట్టుకున్న టార్చికి తాళం వేసి ఉంచితే దాన్ని ఇంట్లో వదిలేసినట్టే. దానంతట అది వెలగకూడదు, నేను అడిగిన క్షణంలో వెలగాలి. గొట్టం అంచుకంటే కొద్దిగా లోపలికి కూర్చున్న వెనక స్విచ్ ఒక్కటే ఈ రెండింటికీ కుదురుతోంది. పొట్టిదానికి మార్కులు తగ్గాయి.

16వ రోజు

లెక్క: పది రోజుల్లో 41 సార్లు వెలిగించాను. అందులో 33 సార్లు అన్నిటికంటే తక్కువ వెలుగే సరిపోయింది. తాళం రంధ్రం, మంచం కింద చెప్పు, సంచి అడుగున పెన్ను, మీటర్ రీడింగ్. పూర్తి వెలుగు కావలసి వచ్చింది మూడు సార్లే.

నిన్న రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేచి పెద్దదాన్ని నొక్కాను. చివరిసారి ఏ వెలుగులో ఆపానో అక్కడే మొదలయ్యే జ్ఞాపకం దానికి ఉంది. వెయ్యి ల్యూమెన్లు తెల్లటి గోడ మీద పేలాయి. కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుని నిలబడ్డాను. చీకటికి అలవాటు పడిన కంటిలో రొడాప్సిన్ అనే పదార్థం పేరుకుని ఉంటుంది. గట్టి వెలుగు తగిలిందంటే అది విరిగిపోతుంది. కన్ను మళ్లీ పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు. అంతసేపూ పచ్చటి మచ్చ ఒకటి నాతో పాటే వంటింట్లోకి వచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉందని ఇప్పుడు అర్థమైంది. రోజువారీ పనికి గుడ్డి వెలుగుతో మొదలవ్వాలి. ప్రమాదం ఎదురైతే పూర్తి వెలుగుతో మొదలవ్వాలి. ఒకే స్విచ్ ఈ రెండు పనులూ చేయబోతే రెండూ చెడతాయి.

19వ రోజు

తమ్ముడిని పిలిచాను. ఆత్మరక్షణ సంగతి మాటల్లో కాక చేసి చూడాలని. వరండా లైట్లు ఆర్పాం, కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. వాడు ఆ చివర ఎక్కడో నిలబడి, ఇష్టమొచ్చినప్పుడు నా వైపు నడుస్తాడు. కుడిచేతి వేళ్లు కొన్ని చూపిస్తాడు. టార్చి జేబులోంచి తీసి, వేళ్లెన్నో నేను చెప్పాలి. ముందు షరతు పెట్టాను: మీటరు దగ్గరికి వచ్చాక కళ్లలోకి వేయడం లేదు, దూరం నుంచి వేసినా క్షణమే.

పొట్టిదానితో మొదటిసారి స్విచ్ ఎటు ఉందో తెలియక గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూనే ఉన్నాను. రెండోసారి స్విచ్ దొరికింది, టార్చి మూతి నా వైపు ఉంది.

“అక్కా, నిన్ను నువ్వే పట్టుకున్నావు,” అన్నాడు చీకట్లోంచి.

వెనక స్విచ్ ఉన్నవాటికి ఆ తిప్పలు లేవు. పిడికిలి బిగించి బొటనవేలు వెనక పెట్టామంటే మూతి ఎప్పుడూ ఎదుటికే ఉంటుంది. పెద్దదానితో పదిసార్లలో తొమ్మిదిసార్లు వేళ్లు సరిగ్గా చెప్పాను. ఆ స్విచ్‌లో ఇంకో సుఖం: సగం నొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. వెలిగించు, చూడు, ఆర్పు, పక్కకు రెండడుగులు జరుగు. లైటు వెలుగుతున్నంతసేపూ నేను ఎక్కడున్నానో చాటింపు వేస్తున్నట్టే కదా. చెయ్యి ముఖానికి దగ్గరగా కాక, భుజానికి దూరంగా చాచి పట్టుకోవడమూ అందుకే.

1899లో అమెరికాలో డేవిడ్ మిసెల్ పేర పేటెంట్ వచ్చిన తొలి గొట్టపు టార్చీల కాలంలో సెల్‌లు బలహీనం. తళుక్కుమని కొద్దిసేపు వెలిగించి ఆపవలసి వచ్చేది, ఫ్లాష్‌లైట్ అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు సెల్ గంటల తరబడి వెలిగించగలదు, నేనేమో తళుక్కుమనిపించి ఆపడం నేర్చుకుంటున్నాను.

తరువాత టపటపా కొట్టుకునే వెలుగు, స్ట్రోబ్. డబ్బా మీద దీని గురించే గొప్పగా రాశారు. తమ్ముడికి చికాకు పుట్టింది నిజమే, ముఖం తిప్పుకున్నాడు. కానీ నాకూ అంతే. వాడు ముక్కలు ముక్కలుగా, గెంతుతున్నట్టు కనిపించాడు. ఎంత దూరంలో ఉన్నాడో అంచనా తప్పాను. తెల్లగోడ మీద నుంచి వెలుగు తిరిగి నా కళ్లనే కొట్టింది. పైగా మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లలో కొందరికి ఇలాంటి వెలుగు మూర్ఛ తెప్పిస్తుంది. నాకు వద్దు.

వీధిదీపం ఉన్నచోట కూడా చేసి చూశాం. కళ్లు అప్పటికే వెలుగుకు అలవాటుపడి ఉండటంతో తమ్ముడు కనురెప్పలు చిట్లించి నడుస్తూనే వచ్చేశాడు. కళ్లు కమ్మించే ఆయుధం అన్న మాట చీకట్లోనే, అదీ రెండు మూడు సెకన్లే చెల్లుతుంది. ఆ సెకన్లు వెనక్కి తగ్గి పరుగెత్తడానికి.

పెద్దదాని మూతి చుట్టూ రంపపు పళ్లలాంటి అంచు ఉంది, కొట్టడానికట. కొట్టేటంత దగ్గరికి మనిషి వచ్చాడంటే టార్చి తన అసలు పనిలో అప్పటికే ఓడిపోయింది. ఆ పళ్లు నా జేబు కుట్లు తెంపడం తప్ప ఇంతవరకు ఏమీ చేయలేదు. విమానాశ్రయ తనిఖీలో ఆపినా ఆపుతారు. ఆయుధంగా వెంట పెట్టుకున్నానని నేనే చెప్పుకునే వస్తువును చట్టం మామూలు టార్చిలా చూడకపోవచ్చు కూడా. నునుపు అంచు ఉన్నదే కావాలి.

24వ రోజు

సిగ్గుపడవలసిన రోజు. మెట్ల మీద బల్బు యథాప్రకారం వెలగలేదు. రెండో మలుపులో ఎవరో వంగి కూర్చుని ఉన్న ఆకారం. సాధన అంతా ఒక్కసారి చేతిలోకి వచ్చింది. చెయ్యి చాచి, పూర్తి వెలుగు ముఖం మీదికి కొట్టి, “ఎవరది? అక్కడే ఉండండి!” అన్నాను.

“అమ్మాయ్, కళ్లు పోయాయమ్మా!”

పై అంతస్తు మాస్టారు. తాళంచెవి జారిపోతే చీకట్లో తడుముకుంటున్నారు. ఎన్నిసార్లు క్షమించమన్నానో లెక్కలేదు. ఆయన కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చుంటే నేను వెతికాను. టార్చిని పైనుంచి కాకుండా మెట్టు మీద అడ్డంగా పడుకోబెట్టి గుడ్డి వెలుగుతో వెలిగించాను. నేలను రాసుకుంటూ పోయే వెలుగులో ఇసుక రేణువుకు కూడా జానెడు నీడ పడుతుంది. మూడో మెట్టు మూలలో సన్నటి పొడుగాటి నీడ కనిపించింది, దాని మొదట్లో తాళంచెవి.

“ముందే ఇలా వెతికి ఉంటే నాకు చూపు మిగిలేది,” అన్నారు మాస్టారు, నవ్వుతూనే.

ఈ రాత్రి నుంచి పద్ధతి మార్చాను. మొదటి వెలుగు ఎదుటివాళ్ల కాళ్ల ముందు నేల మీద. నడుమ ఉన్న గట్టి చుక్క నేల మీద పడినా, దాని చుట్టూ పరుచుకునే వెలుగులో చేతులూ ముఖమూ కనిపిస్తాయి. చేతుల్లో ఏముందో చూశాక గానీ చుక్కను పైకి ఎత్తకూడదు.

29వ రోజు

చిన్న విషయం. ఫ్యూజు మార్చబోతే పెద్దదాని నీలి తెలుపు వెలుగులో ఎర్ర తీగ, గోధుమ రంగు తీగ ఒకేలా కనిపించాయి. రంగులు సరిగ్గా చూపే గుణానికి సీఆర్ఐ అని కొలత ఉంది, 90 పైన ఉంటే మంచిది. వెలుగు కూడా 6,500 కెల్విన్ల నీలి తెలుపు కాక 4,000 నుంచి 5,000 మధ్య ఉంటే కంటికి హాయి. ఇందుకు కొన్ని ల్యూమెన్లు వదులుకోవాలి, వదులుకుంటాను.

33వ రోజు

పొట్టిది పోటీలోంచి తప్పుకుంది. బకెట్టు నీళ్లలో అరగంట ఉంచాను. మీటరు లోతులో అరగంట తట్టుకోవాలన్న ఐపీఎక్స్7 గుర్తు దాని మీద ఉంది. మా బకెట్టు లోతు అందులో సగం కూడా లేదు. తీసి చూస్తే అద్దం లోపల ఆవిరి. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత ఒక మూల లేచి ఉంది, నేను సరిగ్గా నొక్కలేదు. తప్పు నాదే. కానీ రోజూ జేబులో తిరిగే వస్తువు మీద ఆ రబ్బరు ముక్క ఎన్నాళ్లు సరిగ్గా కూర్చుంటుంది?

దాని చార్జింగ్ కూడా పేచీయే. రెండు వైపులా సి రకం పిన్ను ఉన్న కేబుల్ పెడితే కదలదు, మెదలదు. చార్జర్ వైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్‌తోనే ఎక్కుతుంది. రంధ్రం దగ్గర ఉండవలసిన 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్లు రెండింటిని తయారీదారు మిగుల్చుకుంటే ఇలా అవుతుంది. అవి లేకపోతే ఎదురుగా ఏదో పరికరం ఉందని కొత్త చార్జర్‌కు తెలియదు.

అదనపు లిథియం బ్యాటరీకి ప్లాస్టిక్ డబ్బీ కొన్నాను. చిల్లర నాణేల మధ్య వదులుగా పడేస్తే రెండు కొసలూ కలిసి నిప్పు పుట్టవచ్చు. విమానంలో ఇలాంటివి చేతి సంచిలోనే ఉండాలి, సామాన్లలో వేయకూడదు.

36వ రోజు

పెద్దది కూడా ఓడింది, అది కొలతల్లో కాదు. డైరీ తిరగేస్తే గడిచిన ముప్పై రోజుల్లో పదకొండు రోజులు దాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్లాను. ఒకసారి జేబులు చిన్నవి, ఒకసారి బరువు, ఒకసారి ఊరికే. 140 గ్రాములు. నా షరతు వంద. అంకె చూసి మనసు జారి కొన్నాను. రెండు వందల మీటర్ల వెలుగు బల్ల సొరుగులో పడి ఉంటే దారిలో నాకు ఒరిగేదేమిటి?

చిన్నది మాత్రం ప్రతిరోజూ వచ్చింది. కానీ మలుపు దగ్గర దాని వెలుగు అవతలి గోడను అందుకోలేదు.

38వ రోజు

నాలుగోది వచ్చింది. 18350 బ్యాటరీ, అంటే 18650లో దాదాపు సగం పొడవు. బ్యాటరీతో 78 గ్రాములు, తొమ్మిది సెంటీమీటర్లు. వెనక స్విచ్‌కు ఒకే పని, పూర్తి వెలుగు, సగం నొక్కితే చాలు. పక్క స్విచ్ ఎప్పుడూ గుడ్డి వెలుగుతోనే మొదలవుతుంది. పదహారో రోజు నాటి చిక్కు ఇలా విడిపోయింది. పక్క స్విచ్ జేబులో నొక్కుకున్నా వెలిగేది మిణుగురంత, తొడ కాలదు. మూతి అంచు నునుపు. వరండాలో 165 లక్స్, 4,125 క్యాండెలా, 128 మీటర్లు. ల్యూమెన్లు పెద్దదానిలో మూడో వంతు. చీకట్లో తమ్ముడి వేళ్లు పదికి పది.

లోపం లేకపోలేదు. పొట్టి బ్యాటరీ కాబట్టి పూర్తి వెలుగును ఎక్కువసేపు మోయలేదు. క్లిప్పు మరీ బిగుతు, దళసరి బట్టకు ఎక్కించాలంటే గోరు పెట్టి లాగాలి.

40వ రోజు

కరెంటు పోయింది, అనుకోని పరీక్ష. మంచం పక్కన చెయ్యి చాచితే ముందు తగిలింది క్లిప్పు. క్లిప్పు నుంచి వేలు జరిపితే పక్క స్విచ్. గోడ పేలలేదు, కళ్లు కమ్మలేదు, నీళ్లు తాగి వచ్చి పడుకున్నాను.

చిన్నది ఇప్పుడు మెయిన్ స్విచ్ బోర్డు పక్కన మేకుకు వేలాడుతోంది, సులువుగా కారని రకం 1.5 వోల్టుల లిథియం సెల్‌తో. పొట్టిది అద్దంలో ఆవిరి ఆరేదాకా కిటికీలో ఉంది. పెద్దదాన్ని తమ్ముడు అడిగాడు.

“స్ట్రోబ్ ఎవరి ముఖం మీదా వేయనని ఒట్టు పెట్టు,” అన్నాను.

“మాస్టారి మీద వేసింది నేనా, నువ్వా?” అన్నాడు.

ఇచ్చేశాను. ప్రతి ఆదివారం సాయంత్రం బ్యాటరీ తీసి చార్జింగ్ పెట్టాలని ఫోనులో గుర్తు పెట్టుకున్నాను. క్లిప్పు కింద సన్నటి టేపు ముక్క అంటించాను, పట్టు కొంచెం వదులవుతుందేమో చూడాలి.